అమ్మాయి హావెలాక్‌లో స్కూబా నేర్చుకుంటానంటోంది, ఏ స్కూల్లో చేర్చాలి?

ప్రశ్న: మాది అమలాపురం. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం. కాలేజీ టూర్‌లో అండమాన్ వెళ్లినప్పుడు హావెలాక్‌లో ఒకసారి స్కూబా డైవింగ్ చేసింది. అప్పటినుంచి దానికదే ధ్యాస. పూర్తిగా నేర్చుకుని ఇన్‌స్ట్రక్టర్ అవుతానంటోంది. ఫోన్లో పరిచయమైన ఒకాయన, ఏమీ రాకపోయినా నాలుగు నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని చేస్తాం, మూడున్నర లక్షలు ప్యాకేజీ, ఈ నెల్లోనే కడితే తగ్గిస్తాం అంటున్నాడు. చిన్నప్పుడు దానికి ఆయాసం ఉండేదని చెబితే, ఫారంలో అన్నిటికీ 'లేదు' అని పెట్టేయండి, ఏం కాదు అన్నాడు. ఈత వచ్చు, కాలవలో నేర్చుకుంది. పంపమంటారా? మంచి స్కూలని ఎలా తెలుస్తుంది?

జవాబు: అమ్మా, ఆ ప్యాకేజీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. అమ్మాయిని మాత్రం, డాక్టరు సరేనంటే, తప్పకుండా పంపండి.

ముందు ఆ 'నాలుగు నెలల' సంగతి చూద్దాం. స్కూబాలో పెద్ద సంస్థ ప్యాడీ. దాని నిబంధన ప్రకారం ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో చేరాలంటే మొదటి సర్టిఫికెట్ వచ్చి కనీసం ఆరు నెలలు గడవాలి. పరీక్షకు కూర్చునేనాటికి లాగ్‌బుక్‌లో, అంటే చేసిన డైవ్‌లన్నీ రాసుకునే పుస్తకంలో, 100 డైవ్‌లు ఉండాలి. పరీక్ష పెట్టేది నేర్పిన స్కూలు కాదు, ప్యాడీ పంపే ఎగ్జామినర్. ఇంకా మొదటి సర్టిఫికెట్ కూడా లేని పిల్లని నాలుగు నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని చేస్తానన్నవాడికి ఈ నియమం తెలియకపోవాలి, లేదా తెలిసీ మీకు చెప్పకుండా ఉండాలి. రెండింట్లో ఏదైనా ఆయన చేతిలో పిల్లని పెట్టలేం.

టూర్‌లో తను చేసినది పర్యాటకుల కోసం పెట్టిన పరిచయ డైవ్. దానికి ఈత కూడా రానక్కర్లేదు. లోతు 12 మీటర్లు దాటనివ్వరు, నీళ్లలో ఉన్నంతసేపూ ఇన్‌స్ట్రక్టర్ వెనకనుంచి ట్యాంకు పట్టుకునే ఉంటాడు. స్కూటర్ వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చినా బండి నడపడం వచ్చినట్టు కాదు కదా, ఇదీ అంతే. అసలు నేర్చుకోవడం ఓపెన్ వాటర్ కోర్సుతో మొదలవుతుంది. అందులో థియరీ, లోతులేని నీళ్లలో సాధన, ఆ తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. మూడు నాలుగు రోజులు పడుతుంది. పాసైతే తోడుగా ఇంకో డైవర్ ఉన్నప్పుడు 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఈత పరీక్ష కూడా ఉంటుంది. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్లపై తేలుతూ ఉండాలి. కాలవ ఈత వచ్చిన అమ్మాయికి ఇది కష్టం కాదు, కాకపోతే కాలవలో ప్రవాహంతో పాటు ఈదడం అలవాటై ఉంటుంది కాబట్టి ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో ఒక నెల సాధన చేయించండి.

ఇప్పుడు స్కూలు. హావెలాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, స్కూళ్ల ప్రకటనల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, రెండూ ఒకటే. ఇంత చిన్న దీవిలో డైవ్ సెంటర్లు చాలా ఉన్నాయి. ప్యాడీ బోర్డు ఉందా, ప్యాడీలాంటిదే ఇంకో సంస్థ ఎస్ఎస్ఐ బోర్డు ఉందా అని తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు, రెండు సర్టిఫికెట్లూ ప్రపంచమంతా చెల్లుతాయి. నేను పిల్లలకు చెప్పేది ఒకటే. ఏ స్కూలైతే మీకు 'వద్దు' అని చెప్పగలదో ఆ స్కూల్ని ఎంచుకోండి. ఈ ఆరోగ్యంతో వద్దు, ఈ రోజు సముద్రం బాలేదు వద్దు, ఈ పాఠం నీకింకా రాలేదు, రేపు మళ్లీ చేద్దాం అనేవాళ్లు కావాలి. అన్నిటికీ 'ఏం కాదు' అనేవాళ్లు వద్దు.

ఆ 'ఏం కాదు' నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయాసం విషయంలో. నీళ్లలో పది మీటర్లు దిగితే మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ ట్యాంకులోంచి పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ వ్యాకోచించి, ఉపరితలానికి వచ్చేసరికి రెండింతలవుతుంది. అందుకే స్కూబాలో మొట్టమొదటి పాఠం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని. ఉబ్బసం ఉన్నవాళ్లలో శ్వాసనాళాలు ముడుచుకుంటే, మనిషి ఊపిరి వదులుతూనే ఉన్నా లోపల ఎక్కడో కొంత గాలి చిక్కుకుపోవచ్చు. ఆ గాలి వ్యాకోచిస్తే ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. చిన్నప్పుడు ఆయాసం ఉన్నవాళ్లంతా డైవింగ్‌కి పనికిరారని కాదు. పూర్తిగా తగ్గి ఏళ్లయితే డాక్టర్లు అనుమతించే సందర్భాలు చాలా ఉన్నాయి. కానీ ఆ మాట చెప్పాల్సింది ఊపిరితిత్తుల డాక్టరు, పరీక్ష చేసి, కాగితం మీద. కోర్సుకు ముందు ఇచ్చే మెడికల్ ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని ప్రింట్ తీసి కాకినాడలోనో రాజమండ్రిలోనో పల్మనాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి, చిన్నప్పటి చీటీలు ఉంటే అవీ చూపించండి. పనిలో పనిగా చెవులు కూడా చూపించండి. ఒత్తిడి సర్దుబాటు కాక చెవి నొప్పితో కోర్సు మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎందరో. డాక్టరు వద్దంటే అమ్మాయి ఏడ్చినా సరే, అక్కడితో ఆపేయండి.

డాక్టరు సరేనంటే, మూడు నాలుగు స్కూళ్లకు అమ్మాయి చేతే ఫోన్ చేయించండి. నాకు నేర్పేది ఎవరు, ఆయన లేదా ఆవిడ ఇన్‌స్ట్రక్టర్ నంబరు ఏంటి అని అడగాలి. ప్యాడీ ఇన్‌స్ట్రక్టర్ అయితే, ఆ నంబరు కొడితే ఆ వ్యక్తికి ప్రస్తుతం నేర్పే అర్హత ఉందో లేదో ప్యాడీ వెబ్‌సైట్లో తెలిసిపోతుంది. ఒకప్పుడు పాసై తర్వాత రెన్యువల్ చేయించుకోనివాళ్లు ఉంటారు. నంబరు అడగ్గానే ఇచ్చేవాళ్లు మంచివాళ్లు, 'మా దగ్గర అందరూ ఎక్స్‌పర్ట్‌లే' అని మాట దాటేస్తే ఫోన్ పెట్టేయొచ్చు. తర్వాత, ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులు అని అడగాలి. సముద్రంలో ఓపెన్ వాటర్ కోర్సుకు ఎనిమిది మంది దాకా నిబంధన ఒప్పుకుంటుంది. నన్నడిగితే మొదటిసారి నేర్చుకునే పిల్లకి అది ఎక్కువే. నలుగురు దాటని బ్యాచ్ చూసుకోండి, దానికోసం రెండు మూడు వేలు ఎక్కువైనా పర్వాలేదు. ఫీజు విషయానికొస్తే హావెలాక్‌లో ఈ కోర్సుకు పాతిక వేల పైమాటే. పుస్తకం, సర్టిఫికెట్ ఖర్చు, పరికరాల అద్దె, పడవ అన్నీ అందులోనే ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఏ భాషలో చెబుతారో కూడా అడగండి. థియరీ సాధారణంగా ఇంగ్లిష్‌లో ఉంటుంది. మీ అమ్మాయి సైన్స్ విద్యార్థిని కాబట్టి ఇబ్బంది ఉండదు. కానీ భయం వేసినప్పుడు మనసులో మాట చెప్పుకోవడం వేరు. అండమాన్‌లో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు, అడిగితే తెలుగు తెలిసిన సిబ్బంది దొరకొచ్చు. మహిళా ఇన్‌స్ట్రక్టర్ కావాలని అడగడానికి మొహమాటపడొద్దు. వెట్‌సూట్ మార్చుకోవడానికి గది ఉందా, పడవలో ఇంకెవరెవరు వస్తారు, బస ఎక్కడ, ఇవన్నీ తల్లిగా మీరడగాల్సినవే. సరిగ్గా నడిచే స్కూలు వాటికి విసుక్కోదు.

అక్కడికి వెళ్లాక వెంటనే డబ్బు మొత్తం కట్టేయకుండా ఒక పొద్దున స్కూలు దగ్గర కూర్చుని చూడమనండి. నేను హావెలాక్‌లో స్కూళ్లు చూసినప్పుడు నాకు ఎక్కువ తెలిసింది పడవ బయల్దేరే ముందు అరగంటలోనే. సామాను బిగించాక మంచి ఇన్‌స్ట్రక్టర్ విద్యార్థి చేత రెగ్యులేటర్ నోట్లో పెట్టించి నాలుగైదు సార్లు గట్టిగా ఊపిరి పీల్పిస్తారు, పీలుస్తున్నంతసేపూ ప్రెషర్ గేజ్ ముల్లు మీదే చూపు ఉంచమంటారు. ముల్లు 200 బార్ దగ్గర కదలకుండా ఉంటే సరే. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ లేస్తుంటే ట్యాంకు వాల్వు పూర్తిగా తెరుచుకోలేదని అర్థం. పైన హాయిగా గాలి వస్తుంది, లోతుకు వెళ్లాక చాలదు. ఈ పని విద్యార్థి చేత చేయించకుండా అన్నీ కుర్రాళ్లే బిగించి భుజానికి తగిలించేసే చోట ఫొటోలు బాగా వస్తాయి, విద్య రాదు. రోజంతా టూరిస్టుల డైవ్‌లే చేయించే సెంటర్లలో ఈ అలవాటు ఎక్కువ. బీచ్ నంబర్ టూ దగ్గరి నీమో రీఫ్‌లో పొద్దున్నే నిలబడితే ఎవరు నేర్పుతున్నారో, ఎవరు ఊరికే తిప్పుతున్నారో తేడా కళ్లకు కడుతుంది.

పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, అది వాడడం ఎవరికి వచ్చు అని అడగాలి. త్వరగా పైకి వచ్చేస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి జబ్బు చేస్తుంది. దానికి చికిత్స చేసే ఛాంబర్ ఉన్నది పోర్ట్ బ్లెయిర్‌లోని (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరిలో. హావెలాక్ నుంచి అది సముద్రం దాటి వెళ్లాల్సిన దూరం. అవసరమైతే ఎలా తీసుకెళ్తారో స్కూలు తడుముకోకుండా చెప్పాలి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చాలావాటికి డైవింగ్ వర్తించదు, పాలసీ చదివి తీసుకోండి. తిరుగు ప్రయాణంలో ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య పూర్తిగా ఒక రోజు ఉంచండి.

ఇక జీవనోపాధి మాట. ఓపెన్ వాటర్ తర్వాత అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, డైవ్‌మాస్టర్, ఆ పైన ఇన్‌స్ట్రక్టర్. డైవ్‌మాస్టర్ మొదలుపెట్టడానికి 40 డైవ్‌లు, పూర్తయ్యేసరికి 60 ఉండాలి. ప్రతి మెట్టుకూ విడిగా డబ్బు కట్టొచ్చు. అలాగే కట్టండి. ఒక మెట్టెక్కాక తనకింకా ఇష్టం మిగిలి ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. డైవ్‌మాస్టర్ దశలో 'ఇంటర్న్‌షిప్' పేరుతో నెలల తరబడి ట్యాంకులు మోయించుకుని డైవ్‌లు సరిగ్గా ఇవ్వని చోట్లున్నాయి, ఎన్ని డైవ్‌లు ఇస్తారో ముందే కాగితం మీద రాయించుకోవాలి. సంపాదన సీజన్‌ని బట్టి ఉంటుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడనంత పని, వానాకాలంలో చాలా సెంటర్లు మూతపడతాయి. నడుము, చెవులు బాగున్నంతకాలమే ఈ పని. ఇంకో మాట, ఈ సర్టిఫికెట్లతో ఓడరేవుల్లో, చమురు రిగ్గుల దగ్గర డైవర్ ఉద్యోగం రాదు. కమర్షియల్ డైవింగ్‌కి శిక్షణే వేరు.

మీ అమ్మాయికి అందరికీ లేని ఒక దారి ఉంది, అది జువాలజీ. పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి పోర్ట్ బ్లెయిర్‌లోనే క్యాంపస్ ఉంది, అక్కడ ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ ఉంది. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశపరీక్ష ద్వారా. మనకు దగ్గర్లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడపు దిబ్బలు పెద్ద ఎత్తున తెల్లబారిపోయాయి. అవి ఎంత కోలుకున్నాయో చూడాలంటే ఎవరో ఒకరు పలకా పెన్సిలూ పట్టుకుని నీళ్లలోకి దిగి లెక్కపెట్టాల్సిందే. జీవశాస్త్రం చదివి, డైవింగ్ కూడా వచ్చిన పిల్లలు మన దగ్గర తక్కువ. ఇన్‌స్ట్రక్టర్ అయినా కాకపోయినా, ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్లు ఈ చదువులో తనకు చేతికందొస్తాయి. నేనైతే తనని ఈ వైపు ఆలోచించమంటాను.

సీయూఈటీ పీజీ సాధారణంగా మార్చిలో ఉంటుంది, నోటిఫికేషన్ కోసం ఇప్పటినుంచే చూస్తుండండి. డిగ్రీ పరీక్షలు ఏప్రిల్ మధ్యకల్లా అయిపోతే వెంటనే బయల్దేరండి. మే 20 ప్రాంతానికి రుతుపవనాలు అండమాన్ చేరతాయి, మే మొదటి వారం దాటితే కోర్సు కోసం వెళ్లొద్దు. అప్పటికి కుదరకపోతే నవంబరుకి వాయిదా వేయండి, డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి రోజులు మాత్రం జనంతో కిక్కిరిసి ఉంటాయి. ఈలోగా చేయాల్సినవి రెండే, పూల్‌లో ఈత సాధన, డాక్టరు దగ్గరకు ఆ ఫారం. ఆ ఫోన్ చేసే ఆయనకు, ఇన్‌స్ట్రక్టర్ నంబరు పంపమని ఒక మెసేజ్ పెట్టమనండి అమ్మాయిని. జవాబు ఏమొచ్చిందో నాకు రాయండి.