ఒక్కో పుస్తకానికి మెరుగయ్యే ఫాంటసీ సిరీస్‌లు: నా అనుభవం

మొదటి పుస్తకం ఒక మాదిరిగా ఉన్నా తరువాతి భాగాలలో మెరుగవుతూ పోయే ఫాంటసీ సిరీస్‌లు ఏవి, వాటి కోసం ఓపిక పట్టడం దండగ కాదా అని మీరు అడిగారు. బెంగళూరులో పర్పుల్ లైన్ 2023 అక్టోబరులో పూర్తిగా తెరుచుకున్నప్పటి నుంచి కాడుగోడి, ఎం.జి. రోడ్డు మధ్య రానూపోనూ మెట్రో ప్రయాణమే నాకు చదువుకొనే సమయం. ఆ సమయాన్ని ఎక్కువగా ఇటువంటి సిరీస్‌లకే వెచ్చించాను కనుక దండగ కాదనే చెబుతాను.

అన్నిటికంటే ముందు అర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ పుస్తకాలను పేర్కొంటాను. 1968లో వచ్చిన మొదటి పుస్తకంలో గెడ్ అనే కుర్రవాడు గర్వం కొద్దీ చేయరాని మంత్రం చేసి, ఒక నీడను లోకంలోకి వదిలి, చివరికి దానిని తానే ఎదుర్కొంటాడు. చక్కని కథే, కాని చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు చదివి పెరిగిన నాకు ఆ దారి కొంత పరిచయమైనదిగానే తోచింది. రెండో పుస్తకంలో రచయిత్రి ఆ వీరుణ్ణి చాలాసేపు తెర వెనుకనే ఉంచి, సమాధుల కింది చీకటి దారులలో పూజారిణిగా పెరిగిన టెనార్ అనే అమ్మాయి కళ్లతో అతనిని చూపిస్తారు. 1972 నాటి మూడో పుస్తకంలో గెడ్ లోకాన్ని కాపాడి, తన శక్తినంతా పోగొట్టుకుంటాడు. కథ అక్కడితో ముగిసినా ఎవరూ తప్పు పట్టరు. లె గ్విన్ మాత్రం 18 ఏళ్ల తరువాత, 1990లో, నాలుగో పుస్తకం రాసి, శక్తి పోయిన మనిషి మరునాటి నుంచి ఎలా బతుకుతాడని, మాంత్రికుల పాఠశాలలో ఆడపిల్లలకు చోటెందుకు లేకపోయిందని, తన తొలి పుస్తకాలనే నిలదీశారు.

ఆ నాలుగో పుస్తకాన్ని మొదటిసారి యాభై పేజీల దగ్గర వదిలేశాను. గుంతకల్లులో రైలింజను డ్రైవరుగా పనిచేసిన మా నాన్నగారు పదవీ విరమణ తరువాత మా ఇంటికి వచ్చారు. వైట్‌ఫీల్డ్ స్టేషన్ మీదుగా పోయే రైళ్ల కూతలు వింటూ బాల్కనీలో కూర్చొనేవారు. పాత సహోద్యోగులు సన్మానానికి పిలిస్తే రానన్నారు. ఆ ఏడాదే పుస్తకాన్ని మళ్లీ తెరిచాను. పట్టాభిషేకానికి తీసుకువెళ్లడానికి రాజుగారి మనుషులు వస్తే గెడ్ వారికి కనిపించకుండా కొండలమీదికి మేకలు కాయడానికి వెళ్లిపోయే ఘట్టం చదువుతూ, దిగవలసిన స్టేషన్ దాటిపోయాను. దానిని ఆఖరి పుస్తకంగా ప్రకటించి కూడా 2001లో ఆమె మరో రెండు వెలువరించారు, అవీ చదవదగినవే.

రాబిన్ హాబ్ పద్ధతి వేరు. 1995 నుంచి 2017 వరకు వచ్చిన ఆమె 16 పుస్తకాలలో ఫిట్జ్ అనే రాజకుటుంబపు అక్రమ సంతానం ఆరేళ్ల పిల్లవాడిగా మొదలై మన ముందే వయసు మళ్లుతాడు. నేను చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణంలో మొదటి మూడూ కొన్నాను. మూడోదాని నడిమి ప్రయాణం సాగదీతగా ఉంటుందన్న మాట దాచను. ఫిట్జ్ కనిపించని రెండో త్రయాన్ని చాలామంది దాటవేస్తారు, దయచేసి ఆ పొరపాటు చేయకండి. ఒక కుటుంబంలో మూడు తరాలవారు ఓడ మీదనే ప్రాణం విడిచాక మేలుకొని మాట్లాడే ఓడల కథ అది. ఆ ఓడల కొయ్య ఎక్కడిదో తెలిసిన తరువాత మిగిలిన పుస్తకాలన్నీ మరింత బరువెక్కుతాయి.

టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలలు 41 ఉన్నాయి. 1983 నాటి మొదటిది హాస్యానుకరణ మాత్రమే, కనుక 1989లో వచ్చిన ఎనిమిదో నవలతో మొదలుపెట్టవచ్చు. అందులో మురికి కాలువలో తాగి పడి ఉన్న వైమ్స్ అనే కావలి అధికారి 2002 నాటి నవలలో గతంలోకి వెళ్లి, కుర్రవాడైన తనకే పని నేర్పవలసి వస్తుంది.

యుద్ధాలూ మంత్రాలూ పెరుగుతూ పోయే సిరీస్‌లు నన్ను త్వరగా అలసటకు గురిచేశాయి. మనుషులకు వయసు, దానితోపాటు నష్టం వచ్చే సిరీస్‌లే నాకు నిలిచాయి. మీరు ఎర్త్‌సీతో మొదలుపెట్టండి. తొలి మూడూ సన్నని పుస్తకాలే కాబట్టి కలిపి కొని, వరుసగా చదవవచ్చు. నాలుగోదానికి మాత్రం కొన్ని నెలల వ్యవధి ఇవ్వండి.