‘షోగన్’ చదివించబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ కాలనీలో పదిమంది కలిసి జేమ్స్ క్లావెల్ జపాన్ మీద రాసిన నవల ‘షోగన్’ చదవబోతున్నారనీ, నడిపించే పని నీ మెడకే చుట్టుకుందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా ఊరి లైబ్రరీలో రకరకాల మనుషుల చేత ఆ పుస్తకం చదివించినదాన్ని కనక నువ్వు అడక్కపోయినా నాలుగు మాటలు రాస్తున్నాను. నువ్వు ఇదివరకే చదివేశావు కాబట్టి కథ దాచను. ఈ ఉత్తరం మాత్రం మీ వాళ్లెవరి కంటా పడనివ్వకు.

మొదటి రోజుకి జపాన్ చరిత్ర మీద పెద్ద నోట్సు తయారు చేస్తున్నావట. అది తీసి సొరుగులో పెట్టు. పనికిరాదని కాదు, ఇప్పుడే వద్దని. కథానాయకుడైన ఇంగ్లీషు నావికుడు బ్లాక్‌థోర్న్ ఓడ కొట్టుకొచ్చి జపాన్‌లోని అంజిరో పల్లె ఒడ్డున పడేసరికి అతనికి ఆ దేశం గురించి ఏం తెలుసు? భాష రాదు. ఎవరికి వంగి దండం పెట్టాలో తెలీదు. ఎవడు ఏ మాటకి కత్తి దూస్తాడో తెలీదు. నీ వాళ్లు కూడా కొన్నాళ్లు ఆ అయోమయంలోనే ఉండాలి. క్లావెల్ మధ్యమధ్య అక్కడి సమురాయ్ ఒమీ బుర్రలోకీ, అతని ప్రభువు యాబు బుర్రలోకీ తీసుకెళ్తాడు గానీ అక్కడా గుట్టంతా విప్పడు. నువ్వు ముందే పాఠం చెప్పేస్తే ఆ మజా పోతుంది. కాలం తలకెక్కడానికి ఒక్క మాట చాలు: కథ 1600లో జరుగుతుంది, అప్పటికి హైదరాబాదు పుట్టి తొమ్మిదేళ్లు, గోల్కొండ గద్దె మీద మహమ్మద్ కులీ కుతుబ్ షా ఉన్నాడు. అంతకు మించి చెప్పకు.

పేర్ల దగ్గర మాత్రం సాయం కావాలి. తొరనాగా, హిరోమత్సు, బుంతారో, జతాకీ, ఒచీబా... మూడో వారానికల్లా “ఈయన ఎవరి కొడుకండీ?” అని ఎవరో ఒకరు అడుగుతారు. గోడకి ఒక చార్టు కాగితం అంటించి, పాత్ర వచ్చినప్పుడల్లా పేరు, ఎవరి పక్షమో రాయించు. పక్షాలు మారినప్పుడు కొట్టేసి మళ్లీ రాయాలి. ఆ కొట్టివేతలు చూస్తుంటేనే సగం రాజకీయం అర్థమవుతుంది. రాసే పని సీరియల్ చూసేసిన వాళ్లకి అప్పజెప్పు. 2024లో వచ్చిన పది ఎపిసోడ్లు చూసినవాళ్లు మీలో ఇద్దరైనా ఉంటారు. 1980 నాటిది గుర్తున్న పెద్దవాళ్లు కూడా ఉండొచ్చు. చేతిలో స్కెచ్ పెన్ను ఉంటే నోరు కాస్త అదుపులో ఉంటుంది.

ఫోన్ల గురించి గట్టిగానే చెప్పు. కథలో పెద్ద ప్రభువు తొరనాగా పాత్రకి మూలం చరిత్రలోని తొకుగావా ఇయెయాసు అని వెతికితే ఎవరు గెలిచారో మొదటి వాక్యంలోనే ఉంటుంది. బ్లాక్‌థోర్న్‌కి దుబాసీగా వచ్చే మరికో పాత్రకి మూలమైన హొసొకావా గ్రేసియా సంగతి వెతికితే ఇంకా ఘోరం. 1600లో ఒసాకాలో ఆవిడకి ఏమైందో తెలిసిపోయాక ఆ పాత్ర మాట్లాడే ప్రతి మాటా వేరేగా వినిపిస్తుంది. రెండోసారి చదివేటప్పుడు అలా వినిపించడం బాగుంటుంది, మొదటిసారి కాదు.

మొదట్లోనే ఒక నావికుణ్ణి నీళ్లలో మరిగించి చంపే ఘట్టం ఉంది కదా, దాని గురించి ముందే హెచ్చరించు. ఆ పేజీల దగ్గరే పుస్తకం మూసేసేవాళ్లుంటారు. అవి దాటేసి చదివినా ఫరవాలేదని చెప్పు. పడకటింటి ముచ్చట్లు కూడా రచయిత మొహమాటం లేకుండా రాశాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ మీ బృందంలో ఉన్నారని విన్నాను. అవి ఎవరింట్లో వాళ్లు చదువుకుంటారు, పైకి చదివించకు.

మామూలు అచ్చులో పుస్తకం వెయ్యి నూరు పేజీలు దాటుతుంది. వారానికి ఎనభై తొంభై పేజీలంటే మూడు నెలల పైచిలుకు. పేజీలు లెక్కపెట్టి కోయకు, ప్రయాణాలను బట్టి కొయ్యి. అంజిరో ఒక భాగం, ఒసాకా కోట ఒకటి, అక్కణ్ణించి తప్పించుకోవడం ఒకటి. తిరిగి అంజిరో చేరి తుపాకుల దళానికి తర్ఫీదిచ్చే చోట కథ నెమ్మదిస్తుంది. మనుషులు జారుకునేదీ అక్కడే. “ఇంట్లో పెళ్లి పనులండీ” అంటారు. ఆ వారాల్లో వాటా తగ్గించు. చదవని వాళ్లని కూడా రమ్మను, చదివినవాళ్లే కథ చెబుతారు. వేశ్య కికు కోసం ఆమె యజమానురాలు గ్యోకో తొరనాగాతో బేరమాడే ఘట్టం దాకా లాక్కొచ్చావంటే ఇక ఎవరూ పోరు. అంత పెద్ద ప్రభువుతో బేరంలో ఆ ముసలామె నెగ్గుకొచ్చే తీరు చూసి మా దగ్గర బట్టల కొట్టాయన చప్పట్లు కొట్టాడు.

ఒక్క చోట మాత్రం తప్పకుండా పైకి చదివించు. ఒసాకా కోటలో తొరనాగా మొదటిసారి బ్లాక్‌థోర్న్‌ని ప్రశ్నించే చోటు. మధ్యలో దుబాసీగా కూర్చున్నది ఆల్విటో అనే జెస్యూట్ ఫాదిరీ. ఈ ఇంగ్లీషువాడు బతికి ఉంటే జపాన్లో తన మతానికీ, పోర్చుగీసువాళ్ల వ్యాపారానికీ ముప్పని ఆయనకి తెలుసు. శత్రువు నాలుక మీదుగా పోతే తప్ప తన మాట ప్రభువు చెవిన పడదని వీడికీ తెలుసు. ముగ్గురిని ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఆల్విటో చదివేవాళ్లని ప్రతి వాక్యానికీ ముందు ఒక్క క్షణం ఆగమను. మా దగ్గర ఆ వంతు ఒక రిటైర్డ్ కోర్టు గుమాస్తాకి వచ్చింది. సాక్షి చెప్పింది జడ్జిగారికి ఇంగ్లీషులో చెప్పిన అనుభవం ఉన్న మనిషి. ఆయన ఆగిన ప్రతిసారీ గదిలో అందరూ ఆయన మొహంకేసే చూశారు. ప్రభువు మీద తిరగబడటానికి ఏ సాకూ చెల్లదని తొరనాగా అంటాడు. గెలిస్తే చెల్లుతుందని బ్లాక్‌థోర్న్ అంటాడు. ఆ మాట ఫాదిరీ నోటి గుండా వెళ్లాలి. తొరనాగా నవ్వుతాడు. ఆ నవ్వు ఎందుకో ఆ రోజు ఎవరినీ చెప్పనివ్వకు. చివరి పేజీ అయ్యాక మళ్లీ అడుగు.

స్పెయిన్, పోర్చుగల్ ప్రపంచాన్ని రెండు ముక్కలుగా పంచుకున్న సంగతి ఆ కోటలోనే బయటపడుతుంది. 1494 నాటి తోర్దెసీయాస్ ఒప్పందం అది. మన గోవా కూడా ఆ పంపకం నీడలోనే పోర్చుగీసువాళ్ల చేతికి పోయిందని గుర్తు చెయ్యి. పోర్చుగీసువాళ్ల వ్యాపార నౌక నల్ల ఓడ ఎందుకంత ముఖ్యమో మాత్రం విడమరిచి చెప్పాలి, లేకపోతే సగం కుట్రలు అర్థం కావు. మింగ్ చక్రవర్తులు జపాన్‌తో నేరుగా వ్యాపారం కూడదన్నారు. చైనా పట్టు మకావు నుంచి నాగసాకికి తెచ్చి జపాన్ వెండి పట్టుకెళ్లే మధ్యవర్తిత్వం పోర్చుగీసువాళ్లకి దక్కింది. ఫాదిరీల ఖర్చులకీ అందులోంచే డబ్బు.

ఇక ఫెజెంట్ అనే వేట పిట్ట. దానికి ఒక సాయంత్రం మొత్తం ఉంచు. కానుకగా వచ్చిన పిట్టని బ్లాక్‌థోర్న్ ఇంటి చూరుకి వేలాడదీసి, ఎవరూ ముట్టుకోవద్దని తేలిగ్గా ఒక మాట అనేస్తాడు. అది కుళ్లి, ఈగలు ముసిరి, వీధంతా కంపు కొడుతుంది. ఊళ్లో ఎవరికీ ముట్టుకునే ధైర్యం లేదు. చివరికి ముసలి తోటమాలి తీసేస్తాడు, యజమాని మాట మీరాడని అతని ప్రాణం తీస్తారు. ఎవరు చంపినట్టు? మాట అన్నవాడా, అమలు చేసినవాళ్లా, ఊరంతా కలిసి ముసలాణ్ణి ముందుకు పంపడమా? గడీల దొరల కథలు విని పెరిగిన తెలంగాణ వాళ్లు మీలో ఉంటే ఆ రోజు వాళ్ల మాటే ఎక్కువ వినబడుతుంది, విననివ్వు. ‘సమురాయ్ గౌరవం’ అని మురిసిపోయేవాళ్లకి అప్పుడు అడగాల్సింది ఒకటుంది: ఆ గౌరవానికి బియ్యం ఎవరు పండిస్తున్నారు? ప్రభువుల సంపదని కొకుల్లోనే లెక్కేస్తారు. ఒక కొకు అంటే మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం, దాదాపు నూట యాభై కిలోలు. కథలో తైకో అనే బిరుదుతో వచ్చే, అంతకుముందు జపాన్‌ని ఏలిన హిదెయోషి తను రైతుబిడ్డే. అయినా 1588లో రైతుల చేతుల్లోని కత్తులన్నీ ఊడబెరికించాడు. తోలు పనివాళ్లనీ, శవాలు మోసేవాళ్లనీ ఊరవతల పెట్టిన సంగతీ పుస్తకంలో వస్తుంది. ఆ వివక్షని 1871లో గానీ చట్టం రద్దు చేయలేదు. “అక్కడా ఇంతేనా” అని ఎవరో ఒకరు నిట్టూర్చి పేజీ తిప్పబోతారు. అక్కడ ఆపు.

పెద్ద యుద్ధం కోసం ఎదురుచూసేవాళ్లకి ఏ ఆశా పెట్టకు. ఎవరి రాజ్యమో తేల్చే సెకిగహారా పోరు ఆఖర్న నాలుగు వాక్యాల్లో తేలిపోతుందని నీకు తెలుసు. కొందరికి కోపం వస్తుంది. నాకైతే పుస్తకంలో నచ్చిన తెలివైన పని అదే. తొరనాగా ఎప్పుడో గెలిచేశాడు, ఎక్కడ గెలిచాడో వెనక్కి వెళ్లి వెతుక్కోమంటాడు రచయిత.

సొరుగులో పెట్టిన నోట్సు అప్పుడు తియ్యి. బ్లాక్‌థోర్న్ పాత్రకి మూలమైన అసలు నావికుడు విలియం ఆడమ్స్, కెంట్ జిల్లా గిలింగ్‌హామ్ వాడు. 1598లో రొట్టెర్‌డామ్ నుంచి బయల్దేరిన అయిదు ఓడల్లో ఆడమ్స్ ఉన్న లీఫ్డె ఒక్కటే జపాన్ చేరింది. చేరింది కూడా నవలలో ఉన్నట్టు ఇజులో కాదు, క్యూషూలోని బుంగోలో. ఆ ఓడ పాత పేరు ఎరాస్మస్. దాని వెనక భాగాన ఉన్న, డచ్చి పండితుడు ఎరాస్మస్ కొయ్య బొమ్మ టోక్యో జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంది, ఫోటో చూపించు. ఆడమ్స్, గ్రేసియా కలుసుకున్నట్టు ఏ ఆధారమూ లేదని చెప్పినప్పుడు ఒకరిద్దరు అలుగుతారు, అలగనీ. మచిలీపట్నం వాళ్లెవరైనా ఉంటే ఇది కూడా చెప్పు: ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో, 1613లో జపాన్‌లోని హిరాడోలో కొట్టు తెరిచింది. ఆడమ్స్ ఆ హిరాడో కొట్టులో కొలువు చేసి 1620లో ఆ ఊళ్లోనే పోయాడు.

క్లావెల్ రెండో ప్రపంచయుద్ధంలో జపాన్‌వాళ్ల చేతికి చిక్కి సింగపూర్ చాంగీ జైల్లో ఉన్నవాడని కూడా ఆ రోజే చెప్పు, ముందు కాదు. ముందే చెబితే ప్రతి క్రూర ఘట్టంలోనూ పగ వెతుకుతారు. తర్వాత చెబితే, అంత అనుభవించినవాడు ఆ మనుషుల్ని ఇంత ప్రేమగా ఎలా రాశాడా అని ఆశ్చర్యపోతారు. ఎంతైనా ఇది బయటివాడి చూపేనని మీ వాళ్లలో ఎవరో ఒకరు అంటారు. నిజమే. అన్నవాళ్ల చేతిలో యోషికావా ‘ముసాషి’ పెట్టు. 1935 నుంచి 1939 దాకా జపాన్ పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల. సెకిగహారా పోరు ముగిశాక, శవాల మధ్య పడి ఉన్న కుర్రాడితో మొదలవుతుంది. ఇంగ్లీషులో అదీ దాదాపు వెయ్యి పేజీలు. ఆ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పి బెదరగొట్టకు.

సమావేశం రోజున టీ, పకోడీ చాలు. జపాన్ వంటలు చేస్తానని ఎవరైనా అంటే వద్దను, ఆ హడావిడిలో చదువు మూలన పడుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ