నింద ముందు ఎవరి మీద పడుతుంది

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. అత్తవారు వెళ్ళగొట్టిన హెచ్‌ఐవీ బాధితురాలు పుట్టింటి అరుగు మీద ప్రాణం విడవడం కన్నీళ్ళు తెప్పిస్తుంది కాని, ఆ చావు నాకు నమ్మబుద్ధి కాలేదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది, మన కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ ఇస్తారు. క్రమం తప్పకుండా మాత్ర వేసుకునే మనిషి పొలం పనికీ వెళ్తుంది, పిల్లలనూ పెంచుకుంటుంది. మరి ఆమెను మందు దాకా వెళ్ళనివ్వనిదేమిటో నీ కథలో లేదు.

గర్భిణిగా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు మిగతా పరీక్షలతోపాటు ఆమెకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. వలస పనికి పోయివచ్చే భర్తకు అలాంటి సందర్భమే రాదు. ముందు ఆమెకు బయటపడింది గనుక తెచ్చింది కూడా ఆమేనని ఇల్లంతా తేల్చేస్తుంది, తరవాత భర్తకూ ఉందని తెలిసినా ఆ తీర్పు మాత్రం మారదు. 'అసమానత' అని పదేపదే రాసే బదులు ఈ వరుసను ఉన్నదున్నట్టు చూపించు.

2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. అయినా పద్మనాభం వైపు పల్లె నుంచి నగరానికి బయలుదేరే కోడలు ఎందుకెళ్తున్నదో అత్తకు చెప్పాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. తెచ్చుకున్న మాత్రలు గలగలలాడితే తోడికోడలికి వినబడుతుందని డబ్బాలో దూది కుక్కి, బియ్యం బస్తా వెనక దాస్తుంది. చుట్టాలు వచ్చి ఆ గదిలో పడుకున్న రాత్రి మాత్ర తప్పిపోతుంది. కండోమ్ వాడమని భర్తను అడిగితే నన్నే అనుమానిస్తావా అని చెయ్యెత్తుతాడు. నీ కథకు ప్రాణం ఇక్కడుంది, తొందరపడకుండా రాయి.

భర్త పోయాక పొలంలో వాటా అడిగే ఘట్టం క్లుప్తంగా ఉన్నా చాలు. ఉంటున్న ఇంట్లోంచి ఆమెను గెంటివేయకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఊరి పెద్దల ముందు ఆ చట్టం పేరెత్తడానికి ఆమె పక్కన ఎవరు నిలబడతారన్నదే చిక్కు. (అన్నదమ్ములు నిలబడతారని రాశావు, నాకైతే అనుమానమే.)

మీ ఊరి మనిషినే చూసి రాశానన్నావు కనుక ఊరిని, కులవృత్తిని, పిల్లల సంఖ్యను మార్చెయ్యి. పత్రికకు పంపే ముందు ఆమెకు ఏకాంతంగా చదివి వినిపించి, వద్దన్న వాక్యం ఎంత బాగున్నా కొట్టెయ్యి.