గాడి కోయకు, బెజ్జాలు వెయ్యి

చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, వాడు బండికి ఫుట్‌రెస్ట్‌లు సొంతంగా చేసుకుంటాడట, ముందుకీ వెనక్కీ జరిగేలా" అని నవ్వుతూ చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! మన ఇంట్లో నా తర్వాత ఆకురాయి చేతబట్టినవాడివి నువ్వే. ఆ తర్వాత, "ఫుట్‌రెస్ట్ బిగించే ప్లేటులో పొడవాటి గాడి కోస్తాడట" అన్నాడు. ఆ మాట దగ్గర ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎందుకో నీకు తెలియదు. తెలియాలనే రాస్తున్నాను.

ముందు తేలికవి చెప్పేస్తాను. ఇనుము కోసేముందు మందపాటి అట్టతో నమూనా చేసుకో. బండిని ఎవరినైనా నిటారుగా పట్టుకోమని, ఎక్కి కూర్చుని, కళ్లు మూసుకుని కాళ్లు హాయిగా ఎక్కడ ఆగుతాయో చూడు. అక్కడ గుర్తు పెట్టు. నీ మోకాళ్ల నొప్పికి మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా చాలు. అంతకంటే ఎక్కువ మార్చాలనిపిస్తే ఒకసారి సీటు ఎత్తు కూడా చూసుకో.

డబ్బు ఎక్కడ మిగుల్చుకోవాలో, ఎక్కడ వద్దో చెబుతా విను. ప్లేటు పాత సామాన్ల కొట్లో దొరికినా ఫరవాలేదు, 6 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ చాలు. ఏ రకమో తెలియని అల్యూమినియం ముక్క మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకు. 6061-టి6 అని కచ్చితంగా తెలిస్తే 10 మిల్లీమీటర్ల మందంలో వాడుకో, కానీ దానికి వెల్డింగ్ పెట్టించకు. వేడి తగిలిన చోట దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది, పైకి ఏమీ కనబడదు. కాలు పెట్టే పెగ్ పాత బండిది తెచ్చుకో, పిన్నూ స్ప్రింగూ ఉండి మడత పడేది. అది పైకీ వెనక్కీ మడత పడాలి. మలుపులో బండి వాలినప్పుడు పెగ్ నేలకు తగిలి మడవకపోతే, దాని మీదే బండి లేచి టైరు పట్టు పోతుంది. ఇక బోల్టుల దగ్గర పిసినారితనం చెయ్యకు. తల మీద 8.8 అని అచ్చు ఉన్నవే కొను, అది బోల్టు గట్టిదనానికి గుర్తు.

ఇప్పుడు గాడి సంగతి.

నాకప్పుడు నీ వయసే. నీలాగే పొడుగు కాళ్లు, కాస్త దూరం వెళితే మోకాళ్లు పట్టేసేవి. ప్లేటులో 40 మిల్లీమీటర్ల గాడి కోసి, పెగ్‌ను పట్టి ఉంచే ముక్కను, అంటే బ్రాకెట్టును, ఒకే ఒక్క బోల్టుతో అందులో బిగించాను. బోల్టు వదులు చేస్తే ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుగుతుంది. ఎంత ముచ్చటపడ్డానో చెప్పలేను. తుప్పు పట్టకూడదని ప్లేటుకు రెండు పూతలు నల్ల ఎనామిల్ రంగు వేసి, ఆరాక, ఆ రంగు మీదే వాషర్ పెట్టి గట్టిగా బిగించాను. బండి స్టాండు మీద ఉండగా పెగ్ మీద నిలబడి ఊగి చూశాను. కదల్లేదు. వారం రోజులు బాగానే తిరిగాను.

ఒక సాయంత్రం మీ నాన్నను వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నాను. వాడింకా స్కూల్లోనే ఉన్నాడు. సన్నగా తుంపర పడుతోంది, ముందు రోడ్డు గుంతలుగా ఉంది. గుంత రాగానే పెగ్‌ల మీద కొద్దిగా లేచి నిలబడ్డాను, అందరూ చేసేదే. కుడికాలి కింద పెగ్ సర్రున వెనక్కి జారింది. బ్రేక్ పెడల్‌ను పాత చోటే వదిలేశాను కాబట్టి కాలి వేళ్లు దాన్ని అందుకోలేదు. భయంతో ముందు బ్రేకు నొక్కాను. తడి కంకర మీద ముందు చక్రం పక్కకు కొట్టుకుపోయింది.

నాకు చర్మం చెక్కుకుపోయింది, అంతే. మీ నాన్న మోచేయి రాయి మీద పడింది. ఆ మచ్చ గురించి చిన్నప్పుడు నువ్వడిగితే చెట్టెక్కి పడ్డానని చెప్పాడు కదూ? ఇంట్లో అందరికీ "బండి జారింది" అన్నాడు. నా ఫుట్‌రెస్ట్ సంగతి ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. కట్టు కట్టించుకుంటూ కూడా, "అన్నయ్యా, నీ మోకాలు ఎలా ఉంది?" అనే అడిగాడు.

మర్నాడు విప్పి చూస్తే బోల్టు విరగలేదు, నట్టు తిరగలేదు. వాషర్ కింద రంగు నలిగి, అంచుల్లోంచి బయటికి వచ్చింది. బిగించినప్పుడు బోల్టు సాగేది మిల్లీమీటరులో వందో వంతులు కొన్నే. ఆ కొద్దిపాటి సాగుడే రెండు ముక్కల్నీ అదిమి పట్టుకుంటుంది. కింద రంగు అంత మాత్రం పలచబడినా ఆ పట్టు పోతుంది. గాడిలో బోల్టుకు ఆ పట్టు తప్ప వేరే ఆధారం లేదు. గుంతలో దిగినప్పుడు నీ బరువుకు రెండు మూడింతలు దాని మీద పడగలదు.

అందుకే బెజ్జాలు వెయ్యమంటున్నాను. వరసగా జతలు జతలుగా వేసుకో, ఒక్కో పెగ్‌ బ్రాకెట్టుకు రెండు బోల్టులు ఉండాలి. అప్పుడు బిగువు కాస్త తగ్గినా బోల్టు బెజ్జం అంచుకు ఆనుకుని ఆగుతుంది, బ్రాకెట్టు తిరగదు. ముందు పంచ్‌తో గుర్తు కొట్టు, 4 మిల్లీమీటర్ల డ్రిల్లుతో మొదలుపెట్టి 8.5కి పెంచు. ప్లేటు అంచుకు బెజ్జం మధ్యకు కనీసం 16 మిల్లీమీటర్లు ఉంచు. అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా అరగదీయి, పగుళ్లు పదునైన మూలల్లోనే మొదలవుతాయి. రంగు వేసేటప్పుడు వాషర్లు కూర్చునే చోటా, ప్లేటూ బ్రాకెట్టూ ఆనుకునే చోటా టేపు అంటించు. 8 మిల్లీమీటర్ల బోల్టు, స్టీలు నట్టు అయితే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ మీద 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపు. బండితో వచ్చిన బోల్టులకు మాన్యువల్లో రాసిందే లెక్క. ఫ్రేముకు మాత్రం ఏదీ వెల్డింగ్ చెయ్యకు నాన్నా, ఉన్న బోల్టుల చోటే వాడుకో.

పెగ్ ఎన్ని బెజ్జాలు జరిపితే బ్రేక్ పెడల్, గేర్ లివర్ కూడా అంత జరగాలి. జరిపిన ప్రతిసారీ వెనక చక్రం చేత్తో తిప్పి బ్రేకు పట్టేస్తోందేమో చూడు, బ్రేక్ లైటు వెలుగుతోందో లేదో చూడు. బద్ధకించావంటే ఊరుకోను.

ఇంత గట్టిగా చెబుతున్నానని టెన్షన్ పడకు. నీ చేతి పని మీద నాకు నమ్మకముంది. చిన్నప్పుడు నా స్పానర్లు కొలతల ప్రకారం సర్ది పెట్టేవాడివి, ఒక్కటీ తప్పేవాడివి కాదు. నాకు నమ్మకం లేనిది ఆ గాడి మీదే.

బిగించాక నట్టు మీదుగా ప్లేటు మీదకు తెల్లరంగు గీత గియ్యి, అది విరిగితే నట్టు కదిలినట్టు. మొదటి 50 కిలోమీటర్లకు ఒకసారి, 200కు ఒకసారి రెంచ్ పెట్టి చూడు. అప్పటివరకు వెనక ఎవర్నీ ఎక్కించుకోకు, మీ నాన్న అడిగినా సరే.

ప్లేటుకు బెజ్జాలు వేశాక, రంగు వేయకముందే నాకు ఫోటో పంపు. రెండు వైపులా.

మీ పెదనాన్న