‘బిల్డర్ ఇచ్చాకే మీకు’ అని రాస్తే సంతకం పెట్టవచ్చా?

సందేహం: నేను గుంటూరులో పన్నెండేళ్లుగా సొంతంగా వైరింగ్ పనులు చేసుకుంటున్నాను. ఇన్నాళ్లూ విడి ఇళ్ల పనులే. ఇప్పుడు ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ 40 ఫ్లాట్ల అపార్టుమెంటులో లేబర్ పని సబ్ కాంట్రాక్టుకు ఇస్తానంటున్నారు. ఫ్లాటుకు 55 పాయింట్లు (లైటు, ఫ్యాను, ప్లగ్గు లాంటి ఒక్కో కనెక్షన్‌ను పాయింటుగా లెక్కిస్తాం). నేను పాయింటుకు రూ.300 అడిగితే ఆయన 270 దాటనంటున్నారు. బిల్డర్ నుంచి డబ్బు వచ్చాకే నాకు చెల్లిస్తామని, పని పూర్తయ్యేదాకా 10 శాతం ఆపుకుంటామని కాగితంలో ఉంది. ఒప్పుకోవచ్చా?

సమాధానం: మీ బేరమంతా 30 రూపాయల దగ్గర నడుస్తోంది. 2,200 పాయింట్లకు అది రూ.66,000. చిన్న మొత్తం కాదు. కానీ మిమ్మల్ని ముంచే మాట వేరే ఉంది: ‘బిల్డర్ నుంచి డబ్బు వచ్చాకే’. జరుగుతుందో లేదో తెలియని సంఘటన మీద ఆధారపడిన ఒప్పందాన్ని, అది జరిగితే తప్ప అమలు చేయించలేమని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 32వ సెక్షన్ చెబుతోంది. రేపు ఫ్లాట్లు అమ్ముడుపోక బిల్డర్ చేతులెత్తేస్తే, మీ కాంట్రాక్టర్ దీన్నే అడ్డుపెట్టుకుంటారు. మీ కుర్రాళ్లకు వారం కూలి మాత్రం మీరే ఇచ్చుకోవాలి. ఆ వాక్యం తీసేయించండి. వినకపోతే, ‘బిల్డర్ ఇచ్చినా ఇవ్వకపోయినా బిల్లు అందిన 30 రోజుల్లోపు’ అని చేర్పించండి. అందుకోసం రేటులో పది రూపాయలు వదులుకోవలసి వచ్చినా వదులుకోండి.

10 శాతం ఆపుకోవడం మామూలే. అయితే పూర్తి కావలసింది మీ పనా, భవనమా? లిఫ్టు రాలేదనో, రంగులు వేయలేదనో మీ డబ్బు ఆగకూడదు. ‘వైరింగ్ పరీక్షించి అప్పగించిన 45 రోజుల్లోపు’ అని తేల్చి రాయించండి. మిగతా డబ్బు స్లాబు పైపులకు, గోడ పైపులకు, వైరు లాగడానికి, స్విచ్చులు బిగించడానికి విడివిడిగా రావాలి.

అసలు పాయింటు అంటే ఏమిటో రాసుకున్నారా? ఏసీకి డీబీ (కరెంటును గదులకు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి విడిగా లాగే లైను కూడా ఒక్క పాయింటేనా? మెట్ల దగ్గర పైనా కిందా స్విచ్చులున్న లైటు ఒకటా, రెండా? ఎర్తింగ్ ఎవరిది? తాపీవాళ్లు పైపు పగలగొడితే మళ్లీ వేసే కూలి ఎవరిది? ఒకసారి ఒక వైర్‌మన్ నా ముందు స్కూలు నోటుపుస్తకం తెరిచాడు. మూడు నెలల అదనపు పని, ఫ్లాటు నంబర్లతో సహా పెన్సిల్‌తో పొందికగా రాసుకున్నాడు. ఒక్క పేజీలోనూ కాంట్రాక్టర్ సంతకం లేదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల లాభం పొందినవారు పరిహారం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ ఆ పని తాను చేశాడని నిరూపించడానికే అతను నానా యాతన పడ్డాడు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే అదనపు పని చెప్పిన సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టండి: ‘302లో మీరు చెప్పిన రెండు ఏసీ పాయింట్లు వేస్తున్నాను, ఒక్కోటి ఇంత.’ ఆయన ‘సరే’ అంటే మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 ప్రకారం తగిన ధ్రువపత్రంతో అది కోర్టులో చెల్లుతుంది. ఆ చాట్ చెరిపేయకండి.

సంతకానికి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం కాగితంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. మెటీరియల్‌తో కలిపి చేసే వర్క్స్ కాంట్రాక్టులకు ఇది వర్తించదని కొన్ని హైకోర్టులు అన్నాయి. మీది లేబర్ పని కాబట్టి మీ వాదనకు బలం ఉంది. మధ్యలో వైర్లూ మీరే కొనుక్కురమ్మంటే మాత్రం ఒప్పుకోకండి.

చెల్లింపు తేదీ రాసుకోకపోతే, బాకీకి పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ‘పండగ వెళ్లాక చూద్దాం’ అన్న నోటిమాటతో ఆ గడువు పెరగదు.