మా అమ్మాయి ర్యాప్ పాడుతుంది, సినిమాల్లోకి వెళ్తానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ 81 శాతంతో పాసైంది. రెండేళ్లుగా తెలుగులో ర్యాప్ రాసి పాడుతోంది. అమెరికాలో ర్యాపర్లుగా మొదలుపెట్టి పెద్ద నటీమణులైనవాళ్లు ఉన్నారు, నేనూ అలాగే అవుతానంటుంది. వాళ్ల నాన్న బీటెక్‌లో చేరాల్సిందే అంటున్నారు. ఇంతలో కృష్ణానగర్‌లో ఒకాయన లక్షన్నర కడితే నటన నేర్పించి, ఫొటోలు తీయించి, సినిమాలో వేషం కూడా ఇప్పిస్తామన్నారు. 5,000 అడ్వాన్స్ ఇచ్చేశాం. ఏం చేయమంటారు? తన పాట ఒకటి పంపుతున్నాను, వినండి.
ఒక తల్లి, కుషాయిగూడ

జవాబు: అమ్మా, పాట మూడుసార్లు విన్నాను. ముందు దాని గురించే చెప్తాను, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

బస్సు మీద రాసింది కదా. "చేతిలో జీరో టికెట్టు, నిలబడ్డ చోటే మా సీటు / ఫుట్‌బోర్డు మీద చెప్పు జారితే, అమ్మ చెయ్యి వదల్లేదు పట్టు" అని. "అమ్మ చెయ్యి" అనే ముందు అరక్షణం ఆగింది, గమనించారా? బీట్ దాని దారిన అది పోతూనే ఉంది. తను ఊపిరి బిగబట్టి, గొంతు తగ్గించి ఆ రెండు మాటలు అంది. మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ మింగాలో తెలియడం నటనలో చాలా పెద్ద విద్య. కెమెరా ముందు నిలబడ్డ కొత్తవాళ్లు చాలామంది డైలాగును ఒక్క దమ్ములో అప్పజెప్పేస్తారు. మీ అమ్మాయికి ఆ జబ్బు లేదు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. సినిమా కోసం ర్యాప్ వదలనివ్వకండి. సినిమా వచ్చినా ఆ ర్యాప్ పట్టుకునే వస్తుంది.

తను చెప్పే అమెరికావాళ్ల కథలే తీసుకోండి. క్వీన్ లతీఫా మొదటి ఆల్బమ్ 1989లో వచ్చింది, అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. 1993లో టీవీ సీరియల్‌లో ముఖ్యపాత్ర దొరికింది. 2002లో వచ్చిన 'చికాగో' సినిమాకు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మొదటి ఆల్బమ్ నుంచి అక్కడికి 13 ఏళ్లు. ఆ మధ్యలో ఆమె పాట మానలేదు. ఆడవాళ్లను కించపరిచే మాటలకు ఎదురు చెబుతూ రాసిన పాటకే గ్రామీ అవార్డు అందుకుంది. అక్వాఫినా జర్నలిజం చదువుకుని ఒక పుస్తకాల సంస్థలో పనిచేస్తుండగా 2012లో ఆమె ర్యాప్ వీడియో ఒకటి యూట్యూబ్‌లో పాకిపోయింది. దానివల్ల ఉద్యోగం ఊడింది. 2014లో ఆల్బమ్, తర్వాత టీవీ షోలు, చిన్న చిన్న పాత్రలు చేసింది. 2018లో గానీ పెద్ద సినిమాలు రాలేదు. 2020లో ఉత్తమ నటిగా గోల్డెన్ గ్లోబ్ తీసుకుంది. ఈ ఇద్దరి దగ్గరకూ సినిమావాళ్లు వచ్చింది వాళ్ల ఫొటోలు చూసి కాదు. వాళ్ల మాట, వాళ్ల గొంతు, వాళ్ల పేట యాస విని వచ్చారు. మీ అమ్మాయికి ఈ సంవత్సరాల లెక్క చూపించండి. పేర్లు తనకు తెలుసు, మధ్యలో గడిచిన ఏళ్లు తెలిసి ఉండకపోవచ్చు.

మనవాళ్లలో రాజకుమారి ఉంది. కాలిఫోర్నియాలో తెలుగు తల్లిదండ్రులకు పుట్టింది. చిన్నప్పటి నుంచి కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. ఆమె ర్యాప్‌లో ఆ జతుల నడక స్పష్టంగా వినిపిస్తుంది. ఇక హైదరాబాద్‌లో నోయెల్ ర్యాప్ పాడుతూనే సినిమాల్లో నటించాడు, రోల్ రైడా 2018లో బిగ్‌బాస్ దాకా వెళ్లాడు. అమ్మాయిల పేర్లు చెప్పమంటే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. దీన్ని నేను ఖాళీగా ఉన్న చోటుగానే చూస్తాను. ఇలా పాడుతూ నటించడం మన గడ్డకు కొత్త కూడా కాదు. ఒగ్గుకథ చెప్పే మనిషే పాడతాడు, మాట్లాడతాడు, పాత్రల్లోకి దూరి ఏడుస్తాడు. 1940ల్లో మోటూరి ఉదయంగారి లాంటి ఆడవాళ్లు బుర్రకథ దళం కట్టి ఊరూరా తిరిగారు. తాళానికి మాట కలిపి ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ చెప్పడమే అదీ, ఇదీ. కుదిరితే ఒక ఒగ్గుకథ ప్రదర్శనకు తీసుకెళ్లండి. ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకని పాఠం అది.

ఇప్పుడు ఆ లక్షన్నర. కట్టకండి. పోయిన 5,000 పోనివ్వండి, దాన్ని కాపాడుకోవడానికి ఇంకో 50,000 పెట్టొద్దు. వేషం ఇవ్వడానికి డబ్బు అడిగేవాడి చేతిలో వేషం ఉండదు. నిజంగా మనిషి కావలసినవాళ్లు ఆడిషన్‌కు పైసా తీసుకోరు. సెల్ఫ్ టేప్, అంటే ఇంట్లోనే నటించి తీసుకున్న వీడియో పంపమంటారు, నచ్చితే పగటిపూట ఆఫీసుకు పిలుస్తారు, తోడు వస్తే కాదనరు. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఇలాగే డబ్బు కట్టింది. ఆల్బమ్‌లో 40 ఫొటోలు, అన్నిట్లో ఒకే నవ్వు. ఏడాది గడిచినా ఫోన్ రాలేదు. ఆ పిల్ల నా ముందు కూర్చుని ఆల్బమ్ అట్ట గోకుతూ ఉండిపోవడం నాకింకా కళ్లముందే ఉంది.

చదువు సంగతి. వాళ్ల నాన్నగారి భయాన్ని తీసిపారేయకండి, ఇందులో నెలకింత అని రాదు. అయితే బీటెక్ అంటే నాలుగేళ్లు ల్యాబులు, అటెండెన్స్, రికార్డులు. తనకు కోడింగ్ మీద నిజంగా ఇష్టముంటే సరే, అడగండి. లేకపోతే మూడేళ్ల డిగ్రీ మేలు. మీకు దగ్గరలో అల్వాల్ లయోలా అకాడమీ, కాస్త దూరమైతే బేగంపేట సెయింట్ ఫ్రాన్సిస్, ఇలాంటి చోట్ల మాస్ కమ్యూనికేషన్ ఉంది. కొన్ని కాలేజీలకు డిగ్రీ ప్రవేశాల ప్రభుత్వ వెబ్‌సైట్ దోస్త్‌లో, కొన్నిటికి నేరుగా దరఖాస్తు చేయాలి. గడువు దాటకుండా చూసుకోండి. ఆ డిగ్రీతో రేడియో, యాడ్ ఏజెన్సీ, న్యూస్ ఛానల్ తలుపులు తెరిచే ఉంటాయి. తర్వాత కూడా నటన మీదే మనసుంటే గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా (ఎన్ఎస్‌డీ)లో మూడేళ్ల కోర్సు ఉంది, అక్కడ డిగ్రీతో పాటు నాటకాల్లో చేసిన అనుభవం అడుగుతారు. అందుకని కాలేజీలో నాటకబృందంలో మొదటి ఏడాదే చేరమనండి.

చాలామంది చూడని దారి ఇంకొకటి ఉంది, డబ్బింగ్. మన సినిమాల్లో తెలుగు రాని హీరోయిన్లకు వేరేవాళ్లు గొంతిస్తారు. ఓటీటీలకు వచ్చే డబ్బింగ్ పని కూడా హైదరాబాద్‌లో జరుగుతోంది. పెదవుల కదలికకు మాట సరిపెట్టడం, ఊపిరి దాచుకోవడం, వేగంగా అన్నా అక్షరం చెడకపోవడం ర్యాపర్‌కు రోజూ ఉండే సాధనే. నటన రాకముందే చేతికి నాలుగు రూపాయలు తెచ్చేది ఇదే కావచ్చు.

పాట ఎవరికైనా ఇచ్చే ముందు రెండు విషయాలు. నెట్‌లో దొరికిన "ఫ్రీ బీట్" మీద పాడి డబ్బు సంపాదిస్తే తర్వాత గొడవ వస్తుంది. చాలావాటికి ఆ ఉచితం డబ్బు రాని వాడకానికే. బీట్ చేసే స్నేహితుడితో కలిసి చేసుకోమనండి, ఎవరి వాటా ఎంతో మెసేజ్‌లోనైనా రాసుకోమనండి. రెండోది, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట సినిమాలోకి వెళ్లినా, థియేటర్ బయట దాన్ని వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రాసినవాళ్లకు సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నట్టు నిర్మాత సంతకం పెట్టించుకున్నా చెల్లదు. రచయితలు, సంగీత దర్శకుల తరఫున ఆ డబ్బు వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్. తన పాటలు నాలుగు బయటికొచ్చాక సభ్యత్వం తీసుకోమనండి. 18 నిండకపోతే ఏ కాగితం మీదైనా మీరు చదవకుండా సంతకం పడకూడదు.

బంజారాహిల్స్‌లో లామకాన్ అనే కళావేదిక ఉంది, అక్కడ కొత్తవాళ్లెవరైనా ఎక్కి పాడే ఓపెన్ మైక్‌లు పెడుతుంటారు. ఆ బస్సు పాట అక్కడ పాడమనండి. మీరూ వెళ్లండి, వాళ్ల నాన్నగారినీ తీసుకెళ్లండి. ఫోన్‌లో కాకుండా, తెలియని యాభై మంది మధ్య ఆ అరక్షణం ఆగినప్పుడు జనం కూడా ఆగుతారో లేదో చూసి, నాకు మళ్లీ రాయండి.