డిజిటల్ పియానో బేరం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఏడాదిగా 61 కీల కీబోర్డు మీద నేర్చుకుంటోంది. ట్రినిటీ (లండన్ సంగీత పరీక్షల బోర్డు) గ్రేడ్ పరీక్షలకు వెళ్లాలంటే 88 కీల పియానో కొనమని టీచరు చెప్పారు. మా బడ్జెట్ 40 వేలు. ఆన్‌లైన్‌లో 15 వేలకే 88 కీలవి కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దండీ. కీల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతారు. వివరాల్లో ‘హామర్ యాక్షన్’ అన్న మాట ఉందేమో వెతకండి. ‘సెమీ వెయిటెడ్’, ‘టచ్ సెన్సిటివ్’ అని మాత్రమే ఉంటే లోపల ఉన్నది స్ప్రింగే అనుకోవాలి. హామర్ యాక్షన్‌లో కీ నొక్కినప్పుడల్లా ఒక చిన్న బరువు పైకి లేస్తుంది. పాప వేళ్లకు బలం, అదుపు వచ్చేది ఆ బరువుతోనే. స్ప్రింగు కీల మీద సాధన చేసిన పిల్లలకు పరీక్షలో అసలు పియానో ముందు కూర్చోగానే చేతులు బరువెక్కిపోతాయి.

వందల టోన్లు (వాద్యాల శబ్దాలు), రిథమ్‌లు అని ఊరించే ప్రకటనలను పట్టించుకోకండి. యమహా పి-145లో ఉన్నది 10 టోన్లే, గ్రేడ్ సాధనకు అవి చాలు. అది, కాసియో సిడిపి-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పి-10: ఈ మూడూ తొలి మెట్టులో నమ్మదగ్గవి. కీల స్పర్శ విషయంలో మా ఓటు ఎఫ్‌పి-10కే, కానీ మీ బడ్జెట్ దాటే అవకాశం ఎక్కువ.

కొటేషన్ అడిగేటప్పుడు పియానో, స్టాండు, బెంచీ, పెడల్ అన్నీ కలిపి ఒకే ధర చెప్పమనండి. పియానో మీద మూడు వేలు తగ్గించి స్టాండు మీద రాబట్టుకోవడం మామూలే. ఒంటి గొట్టం ఎక్స్ స్టాండు ఉచితంగా ఇస్తామన్నా సంతోషించకండి. పది పన్నెండు కిలోల పియానో దాని మీద ఊగుతుంది, మోకాళ్లకూ తగులుతుంది. నేల నుంచి తెల్ల కీల పైభాగానికి సుమారు 72 సెంటీమీటర్లు ఉండేలా కుదరాలి.

నిజమైన తగ్గింపు దొరికేది పాత మోడల్ సీల్డ్ స్టాకులో. 2023లో పి-45 స్థానంలో పి-145, పి-125 స్థానంలో పి-225 వచ్చాయి. మిగిలిన పాతవి ఎక్కడైనా ఉంటే గట్టిగా బేరమాడండి. డబ్బా మీద, పియానో అడుగున సీరియల్ నంబరు ఒకటేనా, వారంటీ బిల్లు తేదీ నుంచి ఇస్తారా అన్నవి డబ్బు కట్టకముందే తేల్చుకోండి.

ప్రశ్న: నాలుగేళ్లు వాడిన యమహా పి-45ను ఒకాయన 22 వేలకు ఇస్తామంటున్నారు. వెళ్లి ఏమేం చూడాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఓ గంట తీరిక చేసుకుని, సొంత హెడ్‌ఫోన్‌తో వెళ్లండి. పియానోలోని హెడ్‌ఫోన్ సాకెట్ పెద్దది, 6.35 మి.మీ. కన్వర్టర్ పిన్ను మర్చిపోవద్దు.

ముందుగా కుడి చివరి తెల్ల కీ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. లేకపోతే ఎవరో మార్చిన శ్రుతి, టచ్ (నొక్కే బలానికి స్పందన) సెట్టింగులు మిమ్మల్ని తికమకపెడతాయి.

తర్వాత 88 కీలనూ, నల్లవాటితో సహా, ఒక్కోటి మూడుసార్లు నొక్కండి: మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ఎంత మెల్లగా నొక్కినా ఒక కీ మాత్రం గట్టిగా అరుస్తుంటే, లేదా అప్పుడప్పుడు మూగబోతుంటే, కీ కింది రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ము చేరిందన్నమాట. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి తాకాక రెండోది తాకడానికి పట్టిన సమయాన్ని బట్టే శబ్దం స్థాయి తేలుతుంది. మొదటిది సరిగా తాకకపోతే ఆ లెక్క తప్పుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది కానీ, కీలన్నీ విప్పాలి. ఒకటి రెండు కీలైతే మెకానిక్ ఖర్చు ధరలో తగ్గించమనండి, పది కీలైతే వదిలేయండి. కోస్తాలో సముద్రానికి దగ్గరగా వాడిన పియానో అయితే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఇప్పుడు వాల్యూమ్ సున్నా చేసి మధ్య కీలను, చివరి కీలను మార్చి మార్చి కొట్టండి. మధ్యవి టకటకమని ఎక్కువ చప్పుడు చేస్తే లోపలి ఫెల్టు (మెత్తటి ఉన్ని పట్టీ) అరిగింది. సాధన అంతా జరిగేది అక్కడే కదా.

హెడ్‌ఫోన్ పెట్టి తీయండి. తీశాక స్పీకర్లు పలకకపోతే సాకెట్‌లోని స్విచ్ పోయినట్టే. పెడల్ గుచ్చి, దాని మీద కాలు పెట్టకుండా పవర్ ఆన్ చేయండి. కాలు ఆనించి ఆన్ చేస్తే తలకిందులుగా పనిచేస్తుంది, అది లోపం కాదు. 30 నిమిషాలు వాయించకపోతే దానంతటదే ఆగిపోవడమూ లోపం కాదు.

అన్నీ బాగుండి, ఒరిజినల్ అడాప్టరు (12 వోల్టులు, 1.5 ఆంపియర్లు), స్టాండు కలిపి ఇస్తే 22 వేలు సమంజసమే. ఒట్టి పియానోకైతే కొత్త పి-145 ధరలో సగానికి మించి ఇవ్వకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న తమ్ముడు వస్తూ అక్కడి నుంచి డిజిటల్ పియానో తెస్తానంటున్నాడు. లాభమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పియానో వరకైతే లాభం లేదమ్మా. విమాన బ్యాగేజీకి సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లే హద్దు. 88 కీల పియానో పొడవే దాదాపు 132. ఓవర్‌సైజ్ రుసుము తప్పదు, కస్టమ్స్ సుంకం పడే అవకాశమూ ఉంది. పైగా అక్కడి అడాప్టర్లలో కొన్ని 120 వోల్టులవి. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. అక్కడి వారంటీ ఇక్కడ సాధారణంగా చెల్లదు. పియానో ఇక్కడే బిల్లుతో కొనండి. తమ్ముడిని మంచి హెడ్‌ఫోన్, హాఫ్ పెడల్ (ఎంత తొక్కితే అంతకు తగ్గట్టు స్పందించే పెడల్) తెమ్మనండి. యమహా పి-45, పి-145లకైతే ఎఫ్‌సి3ఎ పెడల్ సరిపోతుంది, సూట్‌కేసులో పట్టేస్తుంది.